పాఠకులూ పాలుపంచుకునే గ్రంథాలయం

గ్రంథాలయమంటే పుస్తకాలు దాచే చోటని మనం అనుకుంటాం. ఇప్పుడు సామాజిక మాధ్యమాల వల్ల పాఠకులకు తెలిసిన సంగతులు కూడా అక్కడ చేరుతున్నాయి.

అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 2008లో సుమారు 3,000 పాత ఫోటోలను ఫ్లికర్ అనే వెబ్‌సైట్‌లో పెట్టింది. చూసినవారు అందులోని ఊళ్లను, మనుషులను గుర్తుపట్టి రాశారు. సిబ్బంది ఆ వివరాలను సరిచూసి, తమ జాబితాలో చేర్చుకున్నారు. అలా సరిచూడబట్టే ఆ సమాచారం నమ్మదగినదైంది.

తెలుగు వికీసోర్స్‌లోనూ ఇలాంటి పద్ధతే ఉంది. స్కాన్ చేసిన పుటను చూస్తూ ఒకరు అక్షరదోషాలు దిద్దుతారు, మరొకరు సరిచూసి ఆమోదిస్తారు. కాపీహక్కుల గడువు తీరిన పుస్తకాలకు, హక్కుదారులు అనుమతించిన వాటికి మాత్రమే ఇది కుదురుతుంది.

గ్రంథాలయాలకు బీరువాలు, పుస్తకాలు కొనిచ్చే దాతలు మనలో ఎందరో ఉన్నారు. ఇకపై స్కానర్‌కు, ఇంటర్నెట్‌కు, ఈ పని నేర్పే మనిషి జీతానికి కూడా చేయూతనివ్వాలి. పాత ఫోటోల్లోని ముఖాలను గుర్తుపట్టే పెద్దలు మన మధ్య ఉండగానే మొదలుపెట్టాలి. ఆలస్యం చేస్తే ఫోటోలు మిగులుతాయి గానీ, అందులో ఉన్నదెవరో చెప్పేవారు మిగలరు.