నమూనా పరీక్ష - ఆత్మపరిశీలన

పూర్వం వీధిబడులలో పద్యాన్ని వల్లె వేయడంతోనే చదువు ముగిసేది కాదు. శిష్యుడు పుస్తకం మూసి గురువు ఎదుట దానిని అప్పజెప్పాలి. తడబడిన చోటే తనకు రానిదేదో అతనికి తెలిసేది. నేటి నమూనా పరీక్ష చేసే పని కూడా ఇదే.

వైద్యవిద్యలో ప్రవేశానికి తెలుగు విద్యార్థులు 2016 వరకు ఎంసెట్ రాసేవారు. 2017 నుండి ఆ స్థానంలోకి నీట్ వచ్చింది. ఎంసెట్‌లో తప్పు సమాధానానికి మార్కుల కోత లేదు. నీట్‌లో సరైన సమాధానానికి 4 మార్కులు లభిస్తాయి; తప్పు సమాధానానికి 1 మార్కు పోతుంది. 2025లో జరిగిన పరీక్షలో భౌతిక, రసాయన శాస్త్రాల నుండి 45 చొప్పున, జీవశాస్త్రం నుండి 90, మొత్తం 180 ప్రశ్నలు ఇచ్చారు. వ్యవధి 180 నిమిషాలు. ఇద్దరు విద్యార్థులు 130 ప్రశ్నలకు సరిగా సమాధానం రాశారనుకుందాం. ఒకరు మరో 20 తప్పులు చేస్తే 500 మార్కులు, రెండవవారు 5 తప్పులతో ఆగితే 515 మార్కులు వస్తాయి. ఇద్దరి విషయజ్ఞానం సమానమే. భేదమంతా వివేకంలోనే ఉంది. ఆ వివేకం గడియారాన్ని ఎదుట పెట్టుకొని రాసిన అభ్యాసం వల్లనే అలవడుతుంది.

రోడిగర్, కార్పిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రకటించిన పరిశోధన ఈ సందర్భంలో గమనింపదగినది. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవారు అయిదు నిమిషాల తరువాత ఎక్కువ చెప్పగలిగారు. అయితే వారం గడిచాక, చూడకుండా గుర్తు తెచ్చుకొని రాసినవారికే ఎక్కువ జ్ఞాపకమున్నది. పునఃపఠనం 'వచ్చు' అన్న భ్రమను కలిగిస్తుంది. పరీక్ష ధారణను దృఢపరుస్తుంది.

పరీక్ష రాయడంకంటె, రాసిన పిదప దోషాలను పరిశీలించడం ముఖ్యం. తెలియక చేసిన తప్పుకు పాఠ్యపుస్తకమే శరణ్యం. మరచి చేసిన తప్పుకు పునశ్చరణ మందు. ప్రశ్నను తొందరలో చదివి చేసిన తప్పుకు నిదానమే చికిత్స. ఈ మూడింటిని వేరువేరుగా రాసుకొని, వారం తరువాత ఆ ప్రశ్నలనే మళ్లీ సాధించాలి.

కళాశాల ఫలకంపై వారంవారం ర్యాంకులు చూసి కుంగిపోయే విద్యార్థులు ఎందరో ఉన్నారు. 'ఎన్ని మార్కులు వచ్చాయి?' అని అడిగే తల్లిదండ్రులు 'ఏ తప్పు దిద్దుకున్నావు?' అని అడిగితే ఆ భారం కొంత తగ్గుతుంది. నమూనా పరీక్ష తీర్పు కాదు, అద్దం. ముఖంపై మరక కనిపించిందని ఎవరూ అద్దాన్ని నిందించరు, తమను తాము ద్వేషించుకోరు, మరకను తుడుచుకుంటారు.

ప్రశ్నలు
1. అప్పజెప్పడానికి, నమూనా పరీక్షకు గల పోలికను వివరించండి.
2. దోషాలు ఎన్ని విధాలు? వాటిని దిద్దుకొనే మార్గాలేవి?