గోల్డ్ కోసం గాల్లో తిరగొద్దు

డిసెంబరు వచ్చిందంటే అమెరికాలో కొందరు పనేమీ లేకపోయినా విమానమెక్కుతారు. దిగిన చోట ఎయిర్‌పోర్టు గుమ్మం కూడా దాటకుండా తిరుగు విమానంలో ఇంటికొచ్చేస్తారు. దీన్ని మైలేజ్ రన్ అంటారు. విమాన సంస్థ ఇచ్చిన గోల్డో ప్లాటినమో హోదా పైఏడాదికి జారిపోకుండా చూసుకోవడమే దీని ఉద్దేశం. సోమవారం డాలస్‌లో ఎక్కి గురువారం తిరిగొచ్చే మన కన్సల్టెంట్లకు ఇది తెలియని సంగతి కాదు.

పని మీద తిరుగుతుంటే హోదా దానంతటదే వస్తుంది, హాయిగా వాడుకోండి. దాని కోసమే తిరగడం మాత్రం మానాలి. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ అడ్వాంటేజ్ పథకం పెట్టినప్పుడు మైళ్ళ లెక్కే ఉండేది. ఇప్పుడు పెద్ద సంస్థలు ఎక్కువగా మీరు ఖర్చుపెట్టే డాలర్లే చూస్తున్నాయి. 2023లో డెల్టా తన డైమండ్ హోదాకు 35,000 క్వాలిఫికేషన్ డాలర్లు కావాలంది. ప్రయాణికులు గగ్గోలు పెట్టాక 28,000కు దిగింది. నిచ్చెన వాళ్ళది, మెట్లు జరిపేదీ వాళ్ళే.

అయినా ఎందుకు వదలలేం? నూనెస్, డ్రెజ్ అనే పరిశోధకులు ఒక కార్‌వాష్ దగ్గర, వచ్చిన ప్రతిసారీ ఒక ముద్ర వేసే కార్డులు పంచారు. కొందరి కార్డులో ఎనిమిది గళ్ళు. మిగతావారికి పది గళ్ళు, అందులో రెండింటికి ముందే ముద్ర వేసి ఇచ్చారు. ఎవరికైనా మిగిలింది ఎనిమిదే. కానీ మొదటి జట్టులో 19 శాతం మందే కార్డు నింపితే, రెండో జట్టులో 34 శాతం మంది నింపారు. విమాన సంస్థ యాప్‌లో సగం నిండిన గీత మనల్ని లాగేదీ ఇలాగే.

ఆ లాగుడు మొదలవగానే కాగితం తీయండి. నిరుడు లౌంజ్‌లో ఎన్నిసార్లు కూర్చున్నారు, బ్యాగు ఫీజు ఎంత మిగిలింది, అప్‌గ్రేడ్ నిజంగా ఎన్నిసార్లు దొరికింది? గేటు దగ్గర తెర మీద చూసే ఉంటారు, రెండు మూడు సీట్లకు బారెడు జాబితా. ఈ సౌకర్యాలన్నీ విడిగా కొంటే ఎంతయ్యేదో, మైలేజ్ రన్ ఖర్చు పక్కన వేసి చూడండి.

నన్నడిగితే, మనల్ని కట్టిపడేసేది సీటు కాదు. విమానం ఎక్కడానికి మీ గ్రూపును పిలిచినప్పుడు అందరి కంటే ముందు లేచి నడిచే ఆ నిమిషం. అంత గుర్తింపు ఆఫీసులో దొరకట్లేదనిపిస్తే మేనేజర్‌తో కూర్చుని ప్రమోషన్ సంగతి సూటిగా అడగండి.

మైలేజ్ రన్‌కు ఈపాటికే టికెట్ కొనేశారా? అమెరికాలో విమాన సంస్థ దగ్గర నేరుగా, ప్రయాణానికి కనీసం వారం ముందు కొన్నదైతే సాధారణంగా కొన్న 24 గంటల్లోపు రద్దు చేసుకోవచ్చు. డబ్బంతా వెనక్కొస్తుంది.