మనేంద్రగఢ్ ఆల్చిప్పలు చెప్పే సముద్రగాథ

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని మనేంద్రగఢ్ పట్టణానికి నేడు సముద్రం వందల కిలోమీటర్ల దూరాన ఉన్నది. అయినా ఆ పట్టణ సమీపంలో, హస్‌దేవ్ నది ఒడ్డు రాళ్లలో, సముద్రపు ఆల్చిప్పల శిలాజాలు కానవస్తాయి. 1954లో ఎస్. కె. ఘోష్ వీటిని గుర్తించారు. 1982లో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ఈ స్థలాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించింది. ఇవి 28 కోట్ల సంవత్సరాలకు పైబడిన పెర్మియన్ యుగారంభానికి చెందినవి.

ఆల్చిప్ప దొరికినంత మాత్రాన అక్కడ సముద్రం ఉండేదని చెప్పడానికి వీలులేదు. నదులలోనూ, చెరువులలోనూ చిప్పజీవులు ఉంటాయి కదా! కనుక ఆ చిప్ప ఏ జాతిదో, దాని వెంట మరే జీవులు ఉన్నవో చూడాలి. ఇక్కడ ఆల్చిప్పలతోపాటు సముద్రలిల్లి అనే జీవి కాడల ముక్కలు కూడా లభించాయి. ఆ జీవి మంచినీటిలో బ్రతుకజాలదు. అందువలన ఇది నిస్సందేహంగా సముద్రమే.

అది ఎటువంటి సముద్రం? ఇక్కడి ముఖ్యమైన చిప్పజీవి పేరు యూరిడెస్మా. దీని చిప్ప దళసరి. రెండు పుటలు కలిసే చోట మరింత బరువైనది. అలల తాకిడికి పొర్లినా, ఆ బరువు వలన ఈ జీవి మరల సరిగా నిలువగలిగేదని శాస్త్రజ్ఞులు భావిస్తారు. దీనిని బట్టి అది లోతు తక్కువై, కల్లోలితమైన జలమని ఊహించవచ్చును.

ఆ నీరు చల్లనిదని తెలిపేవి చుట్టుపట్ల ఉన్న రాళ్లు. ఇవి తాల్చేరు శిలాసముదాయానికి చెందినవి. ఒడిశాలోని తాల్చేరులో ఈ శిలల మధ్యనున్న బండరాళ్లను మంచు మోసుకొని వచ్చినదని 1856లోనే భూవిజ్ఞానులు ప్రతిపాదించారు. మన గోదావరి లోయలోని బొగ్గు పొరల అడుగునా ఈ శిలలే ఉన్నాయి. హిమానీనదాలు కరగగా సముద్రమట్టం పెరిగి, పల్లపు ప్రాంతాలలోనికి ఉప్పునీరు చొరబడినది. యూరిడెస్మా పాకిస్తాన్‌లోని ఉప్పు కొండలలోనూ, ఆస్ట్రేలియా, నమీబియా, అర్జెంటీనాలలోనూ ఇట్టి హిమయుగ శిలలతోనే కనబడుతుంది. ఈ భూభాగాలన్నీ ఒకప్పుడు గోండ్వానా అనే ఒకే మహాఖండంలోనివనే సిద్ధాంతానికి ఇది బలమైన సాక్ష్యం.

మనేంద్రగఢ్‌కు పడమరగా, మధ్యప్రదేశ్‌లోని ఉమరియాలో 1921లోనే ఇటువంటి సముద్రపు పొర బయటపడినది. అయితే అక్కడ ప్రధానంగా కనబడేది ప్రొడక్టస్ అనే వేరొక చిప్పజీవి. ఈ రెండు చోట్లకూ సముద్రం ఒకేసారి వచ్చినదా, వేర్వేరు కాలాలలోనా, ఏ దారిన వచ్చినది అనే విషయమై శాస్త్రజ్ఞులలో చర్చ సాగినది.

ఇట్టి ప్రశ్నలకు సమాధానం చిప్పలో ఒక్కదానిలోనే లేదు. అది ఏ పొరలో, ఏ జీవుల సరసన, ఏ రాతిపై ఉన్నదన్న దానిలో ఉన్నది. వేడుకకై ఎవరైనా ఒక చిప్పను పెకలించుకొని పోతే వారికి మిగిలేది రాతిముక్క మాత్రమే; దాని సాక్ష్యం నశిస్తుంది. కోట్ల సంవత్సరాలు భద్రంగా నిలిచిన ఈ సాక్ష్యాన్ని ఉన్నచోటనే ఉంచి కాపాడుకొనడం మన బాధ్యత.