డచ్ ఓవెన్‌లో గొర్రె భుజం



కొత్త డచ్ ఓవెన్‌లో (మూత ఉన్న బరువైన ఇనుప పాత్ర) మొదటిసారి రోస్ట్ చేస్తున్నావు కనుక ముందు మాంసం సంగతి. లేత ముక్క ఈ వంటకు పనికిరాదు, గంటల తరబడి వేడికి పీచులా ఎండిపోతుంది. జంతువు నడకలో బాగా వాడిన కండ కావాలి. అమెరికన్లు ఆవు భుజం భాగం, చక్ రోస్ట్, వాడతారు. ఫ్రాన్స్‌లో గొర్రె తొడను ఏడు గంటలు ఉడికించే పాత వంటకం ఉంది. నువ్వు ఎముకతో ఉన్న గొర్రె భుజం తీసుకో, 2 కిలోల లోపు చాలు. ముందురోజు రాత్రే ఉప్పు పట్టించి ఫ్రిజ్‌లో పెట్టు.

ఇలాంటి కండల్లో కొలాజెన్ ఎక్కువ. 70 డిగ్రీల సెల్సియస్ దాటాక అది మెల్లమెల్లగా జెలటిన్‌గా మారుతుంది. పాయా తిన్నాక వేళ్ళు అంటుకుంటాయే, ఆ జిగురు జెలటిన్‌దే. ఆ మార్పుకు టైం పడుతుంది. మంట పెంచితే తొందరగా అయ్యే పని కాదు.

పాత్ర గురించి రెండు మాటలు. ఇసుక అచ్చుల్లో ఇనుప కుండలు పోతపోసే పద్ధతికి ఇంగ్లండ్‌లో ఏబ్రహాం డార్బీ 1707లో పేటెంటు పొందాడు. 1925లో ఫ్రాన్స్‌లో పోతపని తెలిసినవాడొకడు, ఎనామిల్ పని తెలిసినవాడొకడు కలిసి లె క్రూజే కంపెనీ పెట్టారు. నీ పాత్రకు ఉన్న ఎనామిల్ అంటే ఇనుము మీద కరిగించి అతికించిన గాజు. అందుకే ఖాళీ పాత్రను పెద్ద మంట మీద కాల్చకూడదు, వేడి మీద చన్నీళ్ళు పోయకూడదు, స్టీలు పీచుతో తోమకూడదు.

వండేముందు మాంసాన్ని పొడిగుడ్డతో బాగా అద్దు. తడి ఉంటే ముక్క వేగదు, ఉడుకుతుంది. మధ్యస్థమైన మంట మీద నూనె కాగాక ముక్క వేసి కదపకుండా వదిలెయ్. మొదట అడుగుకి పట్టుకుంటుంది. ఎర్రబడ్డాక తనే వదులుతుంది, అప్పుడు తిప్పు. ఇలా వేయిస్తే రసం లోపలే ఉండిపోతుందని పంతొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రసాయనవేత్త లీబిగ్ చెప్పాడు, ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. ఆ చిటపటలు బయటికొస్తున్న రసానివే. వేయించేది రుచి కోసం, వాసన కోసం.

ముక్క తీసి పక్కన పెట్టి, అదే నూనెలో ఉల్లిపాయలు, వెల్లుల్లి వేయించు. కొంచెం నీళ్ళు పోసి, అడుగున పట్టిన గోధుమరంగు పొరను చెక్క గరిటెతో గీకు. కూరకు సగం రుచి అక్కడే ఉంటుంది, అదొక్కటీ వదలకు. మాంసం తిరిగి పెట్టి, మూడో వంతు మునిగేలా నీళ్ళు పోసి మూత పెట్టు. హైదరాబాద్ దమ్ బిర్యానీకి మూత చుట్టూ పిండి అతికినట్టే ఫ్రెంచ్ వంటలోనూ అతికే పద్ధతి ఉంది. కానీ నేర్చుకునేటప్పుడు మూత తీసి చూడాలి కనుక నీకది వద్దు.

ఇక పాత్రను ఓవెన్‌లో పెట్టు. వేడి 150 డిగ్రీల సెల్సియస్, అంటే మీ అమెరికా లెక్కలో 300 ఫారన్‌హీట్. సగం టైంలో ఒకసారి తిప్పు. 3 గంటలకు ఫోర్కు గుచ్చి మెలితిప్పి చూడు. పోగులు విడిపోయి, ఎముక పట్టుకుంటే వదులుగా కదిలితే అయినట్టు. ఇంకా బిగువుగా ఉంటే చెడిపోయిందని కంగారుపడకు, వేడి పెంచకు. మరో అరగంట వదిలి చూడు.

బయటికి తీశాక మూత పిడి మీద ఓవెన్ గ్లవ్ వేసి ఉంచు, లేకపోతే మరిచిపోయి ఎవరో ఒకరు చెయ్యి కాల్చుకుంటారు. మిగిలింది రసంతోపాటే ఫ్రిజ్‌లో పెట్టు. మర్నాడు పైన పేరుకున్న కొవ్వును చెంచాతో తీసేసి, మూత పెట్టి సన్నమంట మీద వెచ్చబెట్టుకో.

అత్తయ్య