జిహ్వచాపల్యానికి మందు ఉన్నదా?

"తీపి మానాలని తెలుసు. మానలేకపోతున్నాను. ఏం చేయమంటారు?" అని అడగని మధుమేహ రోగి నా వద్దకు వచ్చేవారిలో అరుదు. వెంట వచ్చిన ఇంటివారు "ఆయనకు నిగ్రహం లేదండీ" అని అక్కడే తీర్పు చెప్పేస్తారు. ఆ తీర్పు రోగికి మేలు చేయదు. సిగ్గుపడ్డ మనిషి తినడం మానడు, చాటుగా తినడం నేర్చుకుంటాడు. అప్పుడు రక్తంలో చక్కెర ఎందుకు పెరిగినదో వైద్యునికి కూడా అంతుపట్టదు. అందుచేత నిగ్రహమంటే ఏమిటో ఇంటిల్లిపాదీ తెలుసుకోవడం అవసరం.

ధీ, ధృతి, స్మృతి

చరక సంహిత శారీరస్థానం మొదటి అధ్యాయంలో ప్రజ్ఞాపరాధమనే మాట వివరింపబడినది. మంచిచెడులు తెలిసే బుద్ధి ధీ. మనసును పట్టి నిలిపే శక్తి ధృతి. తెలిసినది సమయానికి గుర్తుకు రావడం స్మృతి. ఇవి తప్పినప్పుడు మనిషి చేసే అహితమైన పనియే ప్రజ్ఞాపరాధం. తీపి హానికరమని మధుమేహ రోగికి తెలియక కాదు. మైసూర్‌పాక్ కంటబడిన క్షణంలో ధృతి జారిపోతున్నది.

మెదడులో జరిగేది

జిలేబీ నోటిలో పడనక్కరలేదు. పాకపు వాసన సోకగానే, పాత అనుభవం వలన మెదడులో డోపమిన్ అనే రసాయనం పనిచేసి కోరికను లేపుతుంది. దానిని అదుపులో పెట్టేది నుదుటి వెనుకనున్న మెదడు భాగం. దీనిని ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో పథ్యం పాటిస్తున్నవారి మెదళ్ళను ఆహారం ఎంచుకునే సమయంలో పరీక్షించి, 2009లో ఫలితాలు ప్రచురించారు. నిగ్రహం చూపినవారిలో ఈ భాగంలోని ఒక ప్రదేశం చురుకుగా పనిచేసి, రుచితోబాటు ఆరోగ్యానికి కూడా విలువ కట్టేటట్లు చేసినదని తేలినది. ధృతి అంటే అచ్చంగా ఇదేనని నేననను. చేసే పనిలో మాత్రం పోలిక ఉన్నది.

కంటికి దూరమైతే

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయపు శిశువిద్యాలయంలో వాల్టర్ మిషెల్, ఎబ్బీ ఎబ్బెసెన్ అనే శాస్త్రజ్ఞులు జరిపిన పరీక్ష 1970లో వెలువడినది. కొంతసేపు ఆగిన పిల్లలకు ఎక్కువ ఇష్టమైన తినుబండారం ఇస్తామన్నారు. ఆగలేనివారికి తక్కువ ఇష్టమైనదే దక్కుతుంది. రెండూ ఎదుటనే ఉన్నప్పుడు పిల్లలు సగటున ఒక్క నిమిషమే ఆగగలిగారు. రెండూ కనబడకుండా దాచినప్పుడు 11 నిమిషాలకు పైగా ఆగారు.  ఎదుట తినుబండారం ఉండడం, లేకపోవడమే తేడా.

ఇటువంటి పరీక్షతో పిల్లల భవిష్యత్తును చెప్పవచ్చని తరువాతి కాలంలో ప్రచారం జరిగినది. 900 మందికి పైగా పిల్లల వివరాలతో 2018లో వెలువడిన పరిశీలనలో, కుటుంబ పరిస్థితులను లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం చాలా తగ్గిపోయినది. కాబట్టి నిగ్రహాన్ని పుట్టుకతో వచ్చిన గుణమనుకొని ఎవరినీ నిందించరాదు. ఇల్లు సర్దుకొనే తీరు కూడా నిగ్రహంలో భాగమే.

ఆపదగినవి, ఆపరానివి

చరకుడు సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో ఒక చక్కని విభజన చేశాడు. లోభం, క్రోధం వంటి మనోవేగాలను ఆపుకోవాలి. ఆకలి, దప్పిక, నిద్ర వంటి 13 సహజ వేగాలను ఆపరాదు. మనలో చాలామంది దీనిని తలక్రిందులు చేస్తున్నారు. మధ్యాహ్నం భోజనం మాని నిగ్రహమనుకుంటారు, సాయంత్రం పకోడీల పొట్లం ఖాళీ చేస్తారు. రాత్రి నిద్ర చెడితే ముందుమెదడు పని మందగించి, అధిక కేలరీలున్న పదార్థాలపై కోరిక పెరుగుతుందని 2013లో వెలువడిన ఒక పరిశోధన తెలిపినది.

ఆచరించదగినవి

1. మిఠాయిల డబ్బా భోజనాల బల్లపై ఉంచవద్దు. రోగి ఒక్కరికే కాక, ఇంట అందరికీ ఈ నియమం ఉండాలి.

2. వేళకు భోజనం చేయండి. సాయంత్రానికి వేయించిన శనగలు, పలుచని మజ్జిగ సిద్ధంగా ఉంచుకోండి.

3. చెడు అలవాటును పావువంతు చొప్పున వదలమని అదే అధ్యాయం చెబుతున్నది. కాఫీలో రెండు చెంచాల పంచదార వేసుకొనేవారు ముందుగా అర చెంచా తగ్గించండి. నాలుక అలవాటు పడిన పిమ్మట మరో అర చెంచా తగ్గించండి.

4. పెళ్ళికి వెళ్ళేముందే ఏమి తినాలో, ఏమి వద్దనాలో నిశ్చయించుకోండి. విస్తరి ముందు కూర్చున్నాక ఆలోచించడం కష్టం.

ముఖ్య గమనిక: ఇన్సులిన్ గాని, చక్కెరను తగ్గించే మాత్రలు గాని వాడేవారు వైద్యుని అడగకుండా ఉపవాసం చేయరాదు. చేతులు వణికి, చెమటలు పట్టి, నీరసం కమ్మినప్పుడు చక్కెర పడిపోయి ఉండవచ్చు. మనిషి స్పృహలో ఉంటే వెంటనే పంచదార నీళ్ళు గాని, గ్లూకోజు గాని ఇవ్వండి. ఆ సమయంలో అదే మందు. స్పృహ తప్పితే నోటిలో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. అందుచేత మిఠాయిలు దాచిన ఇంట్లో కూడా గ్లూకోజు పొట్లం ఎక్కడ ఉన్నదో అందరికీ తెలిసి ఉండాలి.