పగటి దోమ – మన ఏడో తరగతి గది



పోయిన సంచికలో మన గోడపత్రికలో "దోమతెర కట్టుకోనివాళ్ళకే డెంగీ వచ్చింది" అని ఒక వాక్యం పడింది. రాసినవాళ్ళ మీద నాకు కోపం లేదు. హాస్టల్లో అందరం అదే మాట అనుకున్నం. కాని జ్వరం వచ్చిన నలుగురిలో ముగ్గురు రోజూ తెర కట్టుకునే పడుకునేవాళ్ళు. ఒకడిది నా పక్క మంచమే కాబట్టి నాకు తెలుసు. తిట్లు మాత్రం నలుగురూ తిన్నరు. అందుకని నేను పంజాగుట్టలో చూసింది, తర్వాత చదివింది, మన జబ్బు రిజిస్టరు చూసి లెక్కవేసింది కలిపి ఈ పాఠం రాస్తున్నాను. కొంచెం పొడుగైంది. నిలబడి చదవాలి కనుక కాళ్ళు గుంజితే రెండు విడతలుగా చదవండి.

పోయిన ఏడాది దసరా సెలవుల్లో మా బాపుకు గుండె పరీక్షలుంటే పంజాగుట్ట నిమ్స్ దవాఖానకు పోయినం. పండుకునేది మాత్రం అమీర్‌పేట గల్లీలో మా పెద్దనాన్న కొడుకు ఉండే హాస్టల్లో. అన్న అక్కడ కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్నడు. ఒక్క గదిలో ఆరుగురు. మేం పోయేసరికే వాళ్ళలో ఒకాయన డెంగీతో పండుకొని ఉన్నడు. కండ్ల వెనక నొప్పి, ఒళ్ళంతా విరగ్గొట్టినట్టు ఉందని మూలుగుతుండె. నాకైతే మా గూడెంలో వచ్చే చలిజరం గుర్తుకొచ్చింది, కాని ఈయనకు వణుకు లేదు.

రెండో రోజు పొద్దున మున్సిపాలిటీ వాళ్ళు ఇద్దరు టార్చిలైటు పట్టుకొని వచ్చిన్రు. నేను ముందు నడిచి మోరీ చూపించిన. ఒకాయన నవ్విండు. "తమ్ముడూ, ఇది మోరీ దోమ కాదు. ఇది ఇంటి దోమ, మంచినీళ్ళ దోమ" అన్నడు. మెట్ల కింద నీళ్ళ డ్రమ్ములో టార్చి వేసి చూపిస్తే తెల్లటి నీళ్ళల్లో సన్న పురుగులు వంకర్లు తిరుగుతున్నయి. పైన మూత లేని ట్యాంకీ, పూలకుండీ కింది పళ్ళెం, పక్క పంక్చరు షాపు టైర్లు, మూలకు పడేసిన కొబ్బరి బోండాలు, అన్నిట్లో అవే. మోరీలో ఒక్కటి లేదు. నాకు అప్పటిదాకా దోమంటే మురికి నీళ్ళే అని నమ్మకం. అన్నను అడిగితే "మేం ఆరు నెలల్నుంచి ఆ డ్రమ్ము నీళ్ళతోటే మొఖం కడుగుతున్నం రా" అన్నడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలె. పంజాగుట్ట నుంచి బేగంపేట పెద్ద దూరం కాదు. అక్కడి పాత విమానాశ్రయం దగ్గర ఒక బంగళా ఉంది. 1897 ఆగస్టు 20న రోనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ పొట్ట గోడలో మలేరియా క్రిమిని చూసింది అక్కడే. ఒక మలేరియా రోగిని దోమలతో కుట్టించుకొని, కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చేవాడట. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. నల్లకుంట ఫీవర్ హాస్పిటల్‌కు పెట్టింది ఆయన పేరే. మన ఏజెన్సీ పిల్లలకు దోమ పాఠం అంటే ఈ రాస్ పాఠమే. అది తప్పు కాదు, కాని సగమే.

రాస్ చూసింది అనాఫిలిస్ దోమ. అది రాత్రి కుడుతుంది. అందుకే ప్రభుత్వం మనకు తెరలిచ్చింది, వాటితో మన గూడేల్లో మలేరియా తగ్గింది కూడా. డెంగీని మోసేది ఏడిస్ ఈజిప్టై. నల్లగా ఉండి కాళ్ళ మీద తెల్ల పట్టీలుంటయి. ఇది పగలు కుడుతుంది. పొద్దున ఎండెక్కే వేళ, సాయంత్రం పొద్దు గుంకే ముందు మరీ ఎక్కువ. అంటే మనం ప్రార్థనకు నిలబడే వేళ, ఆటలాడే వేళ. మధ్యలో క్లాసులో బల్ల కింద చీకట్లో కూడా కుడుతుంది. ఒక్క దోమే ఒకరి దగ్గర సగం తాగి, చెయ్యి విదిలిస్తే లేచి పక్కవానిమీద వాలుతుంది. ఎక్కువ దూరం ఎగరదు, పుట్టిన చోటునుంచి వంద రెండు వందల మీటర్లలోనే తిరుగుతుంది. కాబట్టి జ్వరం ఎక్కడ మొదలైందో తెలిస్తే దోమ ఎక్కడ పుట్టిందో వెతకొచ్చు.

ఇప్పుడు మన రిజిస్టరు. మొదటి పిల్లవాడికి జ్వరం ఆగస్టు 8న. తర్వాత ఇద్దరికి 26న, 27న. నాలుగో వాడికి 30న. మధ్యలో ఇన్ని రోజులు ఎవరికీ లేదు కనుక "పోయింది" అనుకున్నం. అది పోలేదు, దోమ లోపల ఉంది. డెంగీ రోగిని కుట్టిన దోమ వెంటనే జబ్బు అంటించలేదు. వైరస్ దాని కడుపులోంచి ఉమ్మి దాకా రావడానికి 8 నుంచి 12 రోజులు పడుతుంది. అది కుట్టినంక మనిషికి జ్వరం రావడానికి ఇంకో 4 నుంచి 10 రోజులు. కలిపితే రెండు మూడు వారాలు. మన లెక్క 18 నుంచి 22 రోజులు. సరిగ్గా అందులోనే పడింది.

నలుగురు పండుకునేది మూడు వేరే వేరే గదుల్లో. తినేది అందరితోటి. నలుగురికీ కలిసింది ఒక్కటే, ఏడో తరగతి గది. నేనూ నా దోస్తూ పోయి చూసినం. కిటికీ వెనక చేతులు కడిగే సిమెంటు గోలెం ఉంది, నిండా పురుగులు. దాని పక్కన పనిచేయని కూలరు. నాలుగు కేసులతోటి రుజువైంది అనకూడదు, సైన్సు సారు కూడా ఆ మాటే అన్నరు. కాని రోజులూ కలిసినయి, గదీ కలిసింది, గోలెమూ అక్కడే ఉంది. తెర మీద నింద వెయ్యడానికి ఇంత కారణం కూడా లేదు.

మొదట జ్వరం వచ్చినవాణ్ణి కొందరు "డెంగీగాడు" అని పిలుస్తున్నరు. అది ఆపండి. డెంగీ సోకినవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి జ్వరమే బయటపడదు, అయినా వాళ్ళను కుట్టిన దోమకు వైరస్ ఎక్కొచ్చు. పిలిచేవాళ్ళలో ఎవరికి వచ్చి పోయిందో ఎవరు చూసిన్రు?

ఈ కనబడని లెక్క తీయడానికే 2017-18లో ఐసీఎంఆర్ 15 రాష్ట్రాల్లో 12,300 మంది రక్తం పరీక్ష చేసింది. ఎప్పుడైనా డెంగీ సోకితే రక్తంలో దాని గుర్తు మిగులుతుంది. 5 నుంచి 8 ఏండ్ల పిల్లల్లో 28.3 శాతం మందికి, 9 నుంచి 17 ఏండ్లవాళ్ళలో 41 శాతానికి, 18 నుంచి 45 ఏండ్లవాళ్ళలో 56.2 శాతానికి ఆ గుర్తు ఉంది. మెట్లెక్కినట్టు పెరిగింది చూడండి. ఏటా కొందరికి సోకుతూ పోతుందన్నమాట. దక్షిణ రాష్ట్రాల్లో అన్ని వయసులూ కలిపి 76.9 శాతం. అంటే ఈ దిక్కున చాలామందికి బడి వయసులోనే మొదటిసారి తగులుతుంది.

మొదటిసారి అంటున్నాను, ఎందుకంటే డెంగీ వైరస్ నాలుగు రకాలు. ఒక రకం వచ్చిపోతే మళ్ళీ ఆ రకం రాదు, మిగతా మూడూ రావచ్చు. పైగా రెండోసారి వేరే రకం సోకినప్పుడు ప్రమాదం ఎక్కువ. పాత రకం మీద తయారైన రక్షణ కొత్త రకాన్ని చంపలేక, దాన్ని పట్టుకొని కణాల్లోకి మోసుకుపోతుంది. కావలివాడే దొంగకు తలుపు తీసినట్టు. క్యూబా దేశంలో 1977లో ఒకటో రకం వచ్చింది. 1981లో రెండో రకం వచ్చినప్పుడు 158 మంది చనిపోయిన్రు, అందులో 101 మంది పిల్లలు. ఫిలిప్పీన్స్‌లో 2016లో బడిపిల్లలకు డెంగీ టీకా మొదలుపెట్టి 2017 చివర ఆపేసింది కూడా ఇందుకే. అప్పటిదాకా డెంగీ రాని పిల్లలకు ఆ టీకా మొదటి జ్వరంలాగ పనిచేసి, తర్వాత నిజంగా సోకితే ముదిరే భయం ఉందని తేలింది. మన దేశపు టీకా ఒకదానికి 2024 ఆగస్టులో మూడో దశ పరీక్ష మొదలైంది.

మన నాలుగో పిల్లవాడి సంగతి అందరికీ తెలుసు, కాని జరిగిన వరస రాసి పెట్టడం మంచిది. నాలుగో రోజు జ్వరం దిగింది. తగ్గిందని కబడ్డీ చూడ్డానికి కూచున్నడు. ఆ సాయంత్రం కడుపునొప్పి, ఆగకుండ వాంతులు, చేతులు చల్లబడ్డయి. వార్డెన్ సారు రాత్రికి రాత్రే జీపు మాట్లాడి దవాఖానకు తీసుకపోయిన్రు. సెలైన్ ఎక్కించి కాపాడిన్రు. డెంగీలో జ్వరం దిగే రోజులే గండం. రక్తనాళాల్లోంచి నీరు బయటికి కారిపోతుంది, అప్పుడు రక్తం చిక్కబడి బీపీ పడిపోతుంది. మనం ప్లేట్‌లెట్లు ఎన్ని అని అడుగుతం గాని, డాక్టర్లు రక్తం చిక్కదనం కూడా చూస్తరు. కడుపునొప్పి, వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తుగా పండుకోవడం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనబడినా తెల్లారేదాకా ఆగొద్దు. జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, బ్రూఫెన్ వెయ్యకూడదు, రక్తస్రావం పెరుగుతుంది. బొప్పాయి ఆకు రసం నమ్ముకొని దవాఖాన ఆలస్యం చెయ్యొద్దు.

వార్డెన్ సార్లకు ఒక మనవి. తెరలు మానమని నేను అనడం లేదు, మలేరియాకు అవి కావాలె. కాని డెంగీ జ్వరం వచ్చినవానికి మొదటి అయిదారు రోజులు పగలు కూడా జబ్బు గదిలో తెర కట్టించండి. వాణ్ణి దోమ కుట్టకపోతే ఆ గొలుసు అక్కడే తెగుతుంది. తరగతి కిటికీలకు జాలీ ఉంటే ఇంకా మంచిది. పొగ కొడితే ఎగిరేవే చస్తయి, నీళ్ళల్లో ఉన్నవి వారంలో మళ్ళీ లేస్తయి.

గోలెం పారబోసినా చాలదు. ఏడిస్ గుడ్లను నీటి అంచుకు పైన గోడకు అంటిస్తుంది. అవి నెలల తరబడి ఎండి ఉన్నా చావవు, నీళ్ళు తగలంగనే పొదుగుతయి. గుడ్డునుంచి దోమ కావడానికి వారం పది రోజులు పడుతుంది కనుక వారానికి ఒకసారి పీచుతోటి గట్టిగా రుద్ది ఎండబెట్టాలె. శుక్రవారం డ్రైడే అనేది ఇందుకే. నేనూ నా దోస్తూ రెండు శుక్రవారాలు హాస్టలంతా తిరిగినం. నీళ్ళు నిలిచేవి మొత్తం 14 చోట్లున్నయి. మొదటి వారం అయిదింట్లో పురుగులు, రుద్దినంక రెండో వారం ఒక్కదాంట్లోనే. అది ఆ పాత కూలరు అడుగు తట్ట. ఎత్తడానికి కనీసం నలుగురు కావాలె. ఈ శుక్రవారం ఆటల పీరియడ్‌లో వచ్చేవాళ్ళు తొమ్మిదో తరగతికి వచ్చి నాకు పేరియ్యండి.