వలస పక్షులు నేర్పు పాఠము



వైగై ఆనకట్ట చెంత ఆండిపట్టిలో నివసించు మనకు శివగంగ జిల్లాలోని వేట్టంగుడి మరీ దూరము కాదు. అక్కడి మూడు చెరువులు, 38.4 హెక్టార్లు, 1977లో పక్షుల సంరక్షణ కేంద్రముగా ప్రకటింపబడెను. చలికాలములో నత్తగొట్టు కొంగలు, తెల్ల కంకణములు వేలకొలది వచ్చి గూళ్లు కట్టుకొనును. అవి బెదరకూడదని కొల్లుకుడిపట్టి గ్రామస్థులు ఎన్నో ఏండ్లుగా దీపావళికి టపాకాయలు కాల్చరు. పిల్లలు సైతము ఆ సరదా మానుకొందురు. ఫలము కూడ కలదు: రెట్టలు కలిసిన చెరువు నీరు పొలములకు ఎరువగును.

ప్రభుత్వము బోర్డు నాటగలదు గాని, రాత్రింబవళ్లు కాపాడవలసినది ఊరివారే.

ఆలోచించుడి: ఒకనాడు వలస వచ్చినవారి సంతతియైన మనము, మన చెరువు నిలుచుటకు ఏమి మానుకొందుము? చెత్త వేయుటయా? గట్టు చెట్లు నరుకుటయా? ఈ వారమే ఇంటింట మాటలాడుకొందము.